మొదటి గడి

"మొదటి గడిలోనే నొక్కాను మేడమ్."

దలెందా ఆ మాట పొద్దుట్నుంచి ఎన్నిసార్లు అందో ఆమెకే గుర్తులేదు. గొంతు జీరబోయింది. సంకెళ్ళు వేసిన చేతులు బల్ల మీద పెట్టుకుని, ఎదురుగా ఉన్న ఇన్‌స్పెక్టర్ షెద్లియా వంక కాకుండా ఆమె ముందున్న ఫైలు వంక చూస్తోంది. ఆ ఫైలు మధ్యాహ్నం నమాజులోపు ప్రాసిక్యూటర్ బల్ల మీదకి వెళ్తుంది. వెళ్తే, నిర్లక్ష్యంతో మనిషిని చంపిన నేరానికి దలెందా అట్నుంచి అటే ఆడవాళ్ళ జైలుకి వెళ్తుంది.

షెద్లియా ఫైలు మూసేసింది. అందులో ఉన్నదంతా ఆమెకి కంఠతా వచ్చేసింది. స్ఫాక్స్ ఊరి బయట ఓ ప్రైవేటు కంటైనర్ యార్డు. అక్కడ పక్కపక్కనే రెండు దిమ్మలు. ఒకటో దిమ్మ మీద ఖర్జూరాల కంటైనర్లు పెడతారు. పురుగు చావడానికి వాటిలో విషవాయువు నింపుతారు కాబట్టి పూర్తిగా గాలి ఆడేదాకా తలుపు తీయకూడదు. రెండో దిమ్మ మీద ఆలివ్ నూనె పీపాలు. వాటిలో ఏ వాయువూ ఉండదు. ఏ తలుపు తీయొచ్చో చెప్పేది ఆకుపచ్చ స్లిప్. కౌంటర్లో కూర్చున్న దలెందా తెర మీద 'విడుదల' నొక్కితే, బయట దిమ్మల దగ్గరున్న ప్రింటరు నుంచి స్లిప్ వస్తుంది. సోమవారం అలాగే ఒకటి వచ్చింది. లస్సాద్ అనే హమాలీ అందులో ఉన్న నంబరు చూసి, ఆ కంటైనరు తలుపు తీసి, లోపలికి నాలుగడుగులు వేసి పడిపోయాడు. అది ఖర్జూరాల కంటైనరు.

"లస్సాద్‌ని నీకు బాగా తెలుసా?"

"మా వీధివాడే మేడమ్. ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే." దలెందా పెదవి కొరుక్కుంది. "సమాధి దగ్గరకి వెళ్తే వాళ్ళమ్మ నా మీద ఉమ్మేసింది. తుడుచుకోబుద్ధి కాలేదు."

షెద్లియాకి ఓదార్చడం రాదు. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఆ విద్య ఒక్కటే నేర్చుకోలేదామె. అందుకే మళ్ళీ ప్రశ్నలోకే దిగింది.

"ఆ రోజు ఏ కంటైనరుకి స్లిప్ ఇవ్వాలనుకున్నావు?"

"నూనె పీపాలదానికి."

"మరి మొదటి గడిలో నొక్కానంటావేం? తెర మీద రెండు గడులున్నాయి. మొదటిది ఖర్జూరాలది, రెండోది నూనెది."

"కాదు మేడమ్. మొదటిదే నూనెది."

ఇదే గొడవ. మూడు రోజులుగా ఇదే గొడవ. వాంగ్మూలం రాసుకున్నవాళ్ళంతా, పిల్ల భయంతో మాట మారుస్తోందని రాసి చేతులు దులుపుకున్నారు. షెద్లియా బల్ల మీదున్న రెండు టీ గ్లాసుల్నీ పక్కపక్కన పెట్టింది.

"ఇందులో మొదటిది ముట్టుకో."

దలెందా సంకెళ్ళు గలగలలాడిస్తూ చేతులు చాపి, కుడిచేతి వైపున్న గ్లాసుని ముట్టుకుంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

షెద్లియా ఆ చేతి వంకే చూస్తూ ఉండిపోయింది. "నువ్వు ఏ బళ్ళో చదువుకున్నావు?"

"మా పేటలో అరబీ బళ్ళో మేడమ్. ఫ్రెంచి అంత బాగా రాదు. ఎందుకడిగారు?"

కుడి నుంచి ఎడమకి రాసే పిల్ల. వరసేదైనా ఆమెకి కుడివైపు నుంచే మొదలవుతుంది. తెరేమో ఫ్రెంచిలో ఉంది. దాన్ని చూసిన పెద్దమనుషులంతా ఎడమ నుంచి లెక్కపెట్టారు. ఎడమవైపు ఖర్జూరాలు, కుడివైపు నూనె. తాను నూనె గడిలో నొక్కానని ఈ అమ్మాయి మూడు రోజులుగా మొత్తుకుంటుంటే, మూడు రోజులుగా దాన్ని నేరం ఒప్పుకోవడం కింద రాసుకున్నారు. రాసుకున్నవాళ్ళలో తన మనుషులూ ఉన్నారు.

"బావుంది గ్లాసుల గారడీ!"

తలుపు దగ్గర నౌఫెల్ నిలబడి ఉన్నాడు. రాజధాని నుంచి దిగిన కంప్యూటర్ నిపుణుడు. ఈ కేసులో మిషను తప్పేమీ లేదని నివేదిక రాసింది ఇతనే. చొక్కా మడత నలగదు, మాట తడబడదు. స్ఫాక్స్ పోలీసుల్ని చూస్తే ఇతనికి పొలం నుంచి నేరుగా వచ్చిన మనుషుల్ని చూసినట్టుంటుంది.

"వినేశారన్నమాట, సి నౌఫెల్," అంది షెద్లియా. ఆ 'సి' అన్న గౌరవం ఆమె నోట్లో కాకరకాయలా పలికింది.

"విన్నాను. ముచ్చటేసింది. సరే, నూనె గడిలోనే నొక్కిందనుకుందాం. స్లిప్ మీద ఖర్జూరాల కంటైనరు నంబరెలా వచ్చింది మరి? మిషనుకి అరబీ బడీ లేదు, ఫ్రెంచి బడీ లేదు. ఏ గడిలో నొక్కితే ఆ గడి నంబరే అచ్చేస్తుంది."

"మీరు పరీక్షించారా?"

"ఒక్కో గడినీ విడిగా తెరిచి, నా చేతుల్తో నొక్కి చూశాను. బంగారంలా పనిచేస్తున్నాయి. మీ స్ఫాక్స్‌వాళ్ళకి కష్టపడటం తప్ప ఇంకో పని తెలీదని మా ఊళ్ళో అంటుంటారు. నిజమే. అయిపోయిన కేసు మీద కూడా కష్టపడుతున్నారు."

"మీ ఊళ్ళో కష్టపడకుండానే అన్నీ అయిపోతాయని మా ఊళ్ళో అంటుంటారు. అదీ నిజమే." షెద్లియా లేచింది. "మధ్యాహ్నందాకా ఈ అమ్మాయి నా కస్టడీలో ఉంది. యార్డుకి తీసుకెళ్తున్నాను. జరిగింది జరిగినట్టు మళ్ళీ చేయించి చూడాలి. మీరూ వస్తే సంతోషం."

నౌఫెల్ నవ్వాడు. ఆ నవ్వు కళ్ళదాకా వెళ్ళలేదు.

"రాకుండా ఎలా ఉంటాను?" అన్నాడు.

* * *

యార్డు కౌంటరు మేడ మీద ఉంది. అద్దాల కిటికీలోంచి చూస్తే కింద రెండు దిమ్మలూ కనిపిస్తాయి గానీ, ప్రింటరున్న రేకుల గూడు కనపడదు. అంటే ఏ నంబరుతో స్లిప్ వచ్చిందో నొక్కినవాళ్ళకి తెలిసే దారి లేదు. షెద్లియా ముందు ఆ సంగతి చూసుకుని, తర్వాత తెర ముందు కూర్చుంది. నౌఫెల్ మేనేజరు గదిలో కాఫీ తాగడానికి ఆగిపోయాడు. అతనికి ఇక్కడ చూడాల్సిందేమీ లేదట.

తెర మీద ఒకే పేజీ. అందులో రెండు గడులు, అచ్చుగుద్దినట్టు ఒకేలా. ఒక్కోదాన్లో ఆ దిమ్మ మీదున్న కంటైనరు నంబరు పడే ఖాళీ, దాని కింద 'విడుదల' బటను. తెర చట్రం మీద, కుడివైపు అంచున, ఎర్రటి చుక్క ఉంది. షెద్లియా గోటితో గీరి చూసింది. గోళ్ళ రంగు.

"ఇదేమిటి?"

తలుపు దగ్గర కానిస్టేబుల్ పక్కన నిలబడ్డ దలెందా సిగ్గుపడింది. "నేనే పెట్టుకున్నాను మేడమ్. పండక్కి కొన్న రంగు. ఇదివరకు రెండు గడులూ వేరువేరు పేజీల్లో ఉండేవి. పోయిన వారం కొత్త పేజీ అని చెప్పి రెండూ ఒక్కచోటకి తెచ్చారు. రెండూ ఒకేలా ఉన్నాయి కదా, పొరపాటు పడతానేమోనని నూనె గడి ఇటని గుర్తు పెట్టుకున్నాను."

ఇంత జాగ్రత్త పడిన పిల్లని నిర్లక్ష్యం కింద జైల్లో వేయబోతున్నారు. షెద్లియా కిటికీలోంచి కిందికి చూసింది. రెండో దిమ్మ మీద కంటైనర్లు నిండుగా ఉన్నాయి. ఒకటో దిమ్మ మాత్రం బోసిగా ఉంది.

దిమ్మల మేస్త్రీ ఖ్మైస్‌ని పైకి పిలిపించింది. అరవయ్యేళ్ళ మనిషి. యార్డులో అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. వస్తూనే ముందు దలెందా తల నిమిరి, తర్వాత ఇన్‌స్పెక్టరుకి సలాం చేశాడు.

"ఖ్మైస్ బాబాయ్, ఒకటో దిమ్మ ఖాళీగా ఉందేం?"

"ఖాళీ చేయమన్నారు బిడ్డా. లస్సాద్‌ని పాతిపెట్టిన మర్నాడే."

"ఎవరు?"

"ఆ ఇస్త్రీ చొక్కా సారు. రాజధాని ఆయన. ఇంకో మాట చెప్పేదాకా ఒకటో దిమ్మ మీద ఏదీ పెట్టొద్దన్నాడు. ఖర్జూరాలన్నీ వెనక దొడ్లో పడేశాం. ఎందుకు సారూ అంటే, చెప్పింది చెయ్యమన్నాడు."

షెద్లియా కుర్చీలో వెనక్కి వాలింది. తప్పు మనిషిదైతే మనిషిని మారిస్తే సరిపోతుంది. దిమ్మ ఖాళీ చేయించాల్సిన అవసరమేముంది? మిషను బంగారమన్నవాడికి మిషనంటే అంత భయమెందుకు?

షెద్లియా కిందికి దిగి వెళ్ళేసరికి, గేటు ఎదురుగా కాఫీ కొట్లో రవూఫ్ కూర్చుని ఉన్నాడు. ఈ తెరలు తయారుచేసిన ప్రోగ్రామరు. లస్సాద్ చనిపోయిన రోజు సాయంత్రమే మేనేజరు ఇతన్ని బలవంతంగా సెలవు మీద పంపించాడు. పొద్దున షెద్లియా కబురు పెడితే వచ్చాడు. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. ముందున్న బ్రెడ్డు ముక్కకి హరీసా కారం పూశాడు గానీ ఒక్క ముక్కా కొరకలేదు.

"సూటిగా అడుగుతున్నాను," అంది షెద్లియా కూర్చుంటూనే. "నూనె గడిలో నొక్కితే ఖర్జూరాల నంబరు రావడం కుదురుతుందా?"

రవూఫ్ గేటు వంక ఓసారి చూసుకున్నాడు.

"ఇదివరకు కుదరదు. ఇప్పుడు కుదురుతుంది."

"నాకర్థమయ్యేట్టు చెప్పు. నేను కంప్యూటర్లు చదువుకోలేదు."

"మీ ముత్తాతలు పాతబస్తీలో ఉండేవాళ్ళా?"

"ఉండేవాళ్ళు."

"ఒకే వాకిలి చుట్టూ నాలుగు కాపురాలుండే ఇళ్ళు చూసుంటారు కదా. పోర్టల్ అంటే అదే. పేజీ ఒక్కటే, అందులో గడికో ప్రోగ్రాము. ఆ గడినే మేం పోర్ట్‌లెట్ అంటాం. ఇక నంబరు ఖాళీలు, బటన్లు, పట్టికలు, వీటిని మేం చేత్తో చెక్కం. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో తయారుగా దొరుకుతాయి, తెచ్చి పెట్టుకుంటాం. చిక్కల్లా ఏమిటంటే, అవి సొంతింట్లో పుట్టిపెరిగినవి. పేజీ మొత్తం తమదే అనుకుంటాయి. అద్దె వాటాలో ఉన్నామన్న సంగతి వాటికి తెలీదు."

"అయితే?"

"రెండు వాటాల్లోనూ మొహమ్మద్ అనే పిల్లాడున్నాడనుకోండి. వాకిట్లో నిలబడి 'ఒరే మొహమ్మద్' అని కేకేస్తే ఎవడొస్తాడు?"

"గుమ్మానికి దగ్గరున్నవాడు."

"అంతే. ఆ రెండు గడులూ నేను ఒకే అచ్చులోంచి తీశాను. రెంటిలోనూ ఖాళీ పేరు 'నంబరు'. అందుకే మధ్యలో ఓ వంతెన కట్టాను. అది ఒక్కో పేరు ముందూ ఆ గడి ఇంటిపేరు తగిలిస్తుంది. ఖర్జూరాల వారి నంబరు, నూనె వారి నంబరు. ఏ బటను ఎవర్ని పిలిచినా ఇంటిపేరుతో పిలుస్తుంది, సరైనవాడే పలుకుతాడు. ఆ వంతెన ఉన్నంతకాలం ఒక్క తేడా రాలేదు."

"ఇప్పుడు వంతెన లేదా?"

"లస్సాద్ పోవడానికి ముందురోజే తీయించేశారు." రవూఫ్ బ్రెడ్డు ముక్కని పక్కకి నెట్టేశాడు. "కొత్త పేజీ నెమ్మదిగా తెరుచుకుంటోందన్నారు. మంత్రి చేతుల మీదుగా ప్రారంభోత్సవం. ఆయన ముందు తెర మీద చక్రం గిర్రున తిరుగుతూ కూర్చుంటే పరువు పోతుందట. వంతెన బరువు దండగ, గడులు అది లేకుండానే నడుస్తాయని ఎవరో నిపుణుడు తేల్చాడని మేనేజరు చెప్పాడు. పేరు చెప్పలేదు. వద్దన్నాను. రాతపూర్వకంగా వద్దన్నాను. ఉద్యోగం మానేస్తావా అన్నారు. తీసేశాను మేడమ్. నా చేతుల్తోనే తీసేశాను."

షెద్లియాకి పొద్దుటి మాట చెవిలో మోగింది. ఒక్కో గడినీ విడిగా తెరిచి చూశాను.

"విడిగా తెరిస్తే తప్పు బయటపడదా?"

"ఎలా పడుతుంది? ఇంట్లో ఒక్కడే మొహమ్మద్ ఉంటే, పిలిస్తే వాడేగా వచ్చేది. రెండూ ఒకే పేజీలో ఉన్నప్పుడే ముప్పు. అప్పుడు నూనె గడిలో నొక్కినా, ఆ బటను వెళ్ళి పేజీలో ముందున్న 'నంబరు'నే పట్టుకుంటుంది. ఆ ముందున్నది ఖర్జూరాలది. ఏ గడిలో నొక్కినా స్లిప్ మాత్రం దానిదే వస్తుంది."

"కంప్యూటర్లోంచి ఇది చూపించగలవా?"

"నా తాళాలన్నీ లాగేసుకున్నారు. ఇక చూపించాలంటే ఒక్కటే దారి, మళ్ళీ నొక్కి చూడటం." ఆ మాట అనేసి తనే ఉలిక్కిపడ్డాడు. "దానికి ఒకటో దిమ్మ మీద వాయువున్న కంటైనరుండాలి. వద్దు మేడమ్. ఎవరైనా తలుపు తీస్తే..."

షెద్లియా అప్పటికే లేచింది. బయట ఖ్మైస్‌ని పక్కకి తీసుకెళ్ళి, చెవిలో నాలుగు మాటలు చెప్పింది. ముసలాయన ఆమెని ఎగాదిగా చూశాడు. తర్వాత మీసం కిందనుంచి నవ్వాడు.

* * *

నౌఫెల్ కాఫీ ముగించి దిమ్మల దగ్గరకి వచ్చేసరికి, ఒకటో దిమ్మ మీద కంటైనరు ఉంది. దాని తలుపు మీద పుర్రె బొమ్మ ఉన్న పసుప్పచ్చ చీటీ అతికించి ఉంది.

అతని అడుగు తడబడింది. "ఇదెవరు పెట్టించారు?"

"నేనే. జరిగింది జరిగినట్టు చేయించాలన్నానుగా," అంది షెద్లియా. "దలెందా పైన కూర్చుంది. పక్కన మా కానిస్టేబుల్ ఉంది, ఏ గడిలో నొక్కుతుందో కళ్ళారా చూస్తుంది. నూనె గడిలో నొక్కమన్నాను. వచ్చిన స్లిప్ ఖ్మైస్ బాబాయ్ తీసుకుంటాడు. అందులో ఏ నంబరుంటే ఆ తలుపు తీస్తాడు."

"ఇది నిబంధనలకి విరుద్ధం!"

"ఏ నిబంధనకి? ఈ యార్డులో రోజూ చేసే పనే కదా ఇది."

"ప్రమాదం..."

"ప్రమాదమెక్కడుంది సి నౌఫెల్? నూనె గడిలో నొక్కితే నూనె స్లిప్ వస్తుందని మీరే రాశారు. మిషను బంగారమన్నారు." షెద్లియా అతని ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు తగ్గించింది. "ఒక్క మాట చెప్పండి, ఇక్కడికిక్కడ ఆపేస్తాను. మిషనులో తప్పుందని చెప్పండి."

నౌఫెల్ ఒకటో దిమ్మ వంక చూశాడు. ఖ్మైస్ వంక చూశాడు. ఆ ముసలాయన నిశ్చింతగా చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు.

"మిషనులో తప్పేమీ లేదు," అన్నాడు నౌఫెల్.

షెద్లియా చెయ్యెత్తి మేడ కిటికీ వైపు ఊపింది.

రేకుల గూట్లో ప్రింటరు కిర్రుమంది. ఖ్మైస్ స్లిప్ చింపుకుని, ఎవరికీ కనపడకుండా అరచేతిలో చూసుకుని, మడతపెట్టి జేబులో వేసుకున్నాడు. దిమ్మల వైపు నడవడం మొదలెట్టాడు. రెండు దిమ్మలకీ మెట్లు ఒకచోటే ఉన్నాయి. అతను ఎటు తిరుగుతాడో మెట్లెక్కేదాకా తెలీదు. షెద్లియా అతన్ని చూడటం లేదు. నౌఫెల్‌ని చూస్తోంది.

నౌఫెల్ రెండడుగులు వెనక్కి వేశాడు. సముద్రం గాలి ఎటు నుంచి వీస్తోందో మొహం తిప్పి చూసుకున్నాడు. ఇంకో అడుగు పక్కకి, గాలికి ఎదురుగా జరిగాడు. జేబులోంచి తెల్లటి చేతిరుమాలు తీసి ముక్కుకి అడ్డంగా పెట్టుకున్నాడు. నోరు మాత్రం తెరవలేదు.

ఖ్మైస్ మెట్లెక్కి ఒకటో దిమ్మ వైపు తిరిగాడు.

పైన కిటికీ అద్దం దడదడలాడింది. దలెందా సంకెళ్ళతోనే అద్దాన్ని బాదుతోంది. "బాబాయ్! అది కాదు! నేను నూనెదే నొక్కాను! తీయొద్దు బాబాయ్, తీయొద్దు!" కానిస్టేబుల్ వెనక్కి లాగుతున్నా ఆగడం లేదు. ఆ అరుపుకి యార్డంతా పని ఆపి పైకి చూసింది.

నౌఫెల్ పైకి చూడలేదు. ఖ్మైస్ చెయ్యి ఇనుప గడియ మీద పడింది. నౌఫెల్ కళ్ళు మూసుకున్నాడు.

తలుపు కీచుమంటూ తెరుచుకుంది. ఖ్మైస్ లోపలికి వెళ్ళి, గోడ మీద రెండు దరువులు వేసి, బయటికి వచ్చాడు.

"ఎలకలు కూడా లేవు బిడ్డా!" అని కేకేశాడు. "ఉత్త డబ్బా. చీటీ మాత్రం నేనే అంటించా."

నౌఫెల్ కళ్ళు తెరిచేసరికి షెద్లియా అతనికి జానెడు దూరంలో ఉంది.

"స్లిప్ మీద ఏ నంబరుందో ఎవరికీ తెలీదు. బాబాయ్ జేబులో ఉంది. మీ నివేదిక ప్రకారం తెరవబోయేది నూనె కంటైనరు." ఆమె అతని చేతిలోని రుమాలుని వేలితో చూపించింది. "స్ఫాక్స్‌లో పుట్టాను, సి నౌఫెల్. ఆలివ్ నూనె వాసనకి ముక్కు మూసుకున్న మనిషిని ఇవాళే చూశాను."

నౌఫెల్ చేతిలోని రుమాలు వంక చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు.

"నేరస్థురాలని నువ్వు ముద్ర వేసిన పిల్ల అద్దం బాదుకుంటూ అరిచింది. నువ్వు గాలివాటం చూసుకున్నావు. ఒక్క మాట, ఒక్క 'ఆగు' అంటే సరిపోయేది కదరా! వంతెన తీయించిన నిపుణుడివి నువ్వేనా?"

"నేను సలహా ఇచ్చాను, అంతే," అన్నాడు నౌఫెల్. ఆ ఇస్త్రీ గొంతు మొదటిసారి నలిగింది. "విడివిడిగా చూస్తే అన్నీ పనిచేశాయి. రెండూ కలిపి పెడితే ఇలా అవుతుందని ఎవరనుకుంటారు?"

"రవూఫ్ అనుకున్నాడు. రాసిచ్చాడు."

"ప్రోగ్రాములు రాసేవాళ్ళంతా అలాగే భయపెడతారు! ప్రతి దానికీ ప్రపంచం మునిగిపోతుందంటారు!"

"మునిగిందిగా. లస్సాద్ పోయాక రెండూ కలిపి పరీక్షించావు. అప్పుడు తెలిసింది. తెలిశాకే దిమ్మ ఖాళీ చేయించావు. తెలిశాకే ఆ పిల్ల తప్పని నివేదిక రాశావు. అవునా కాదా?"

నౌఫెల్ రుమాలు నలిపి జేబులో కుక్కుకున్నాడు. అది చాలు. షెద్లియా పైకి చూసి, సంకెళ్ళు విప్పమని కానిస్టేబుల్‌కి సైగ చేసింది. దలెందా అద్దానికి నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడుస్తోంది. ఖాళీ డబ్బా అని ఆమెకి ముందు చెప్పలేదు. చెబితే అరిచేది కాదు. ఆ అరుపే ఆమెని బయటపడేసింది. అయినా తను చేసింది మంచి పనేమీ కాదని షెద్లియాకి తెలుసు. లస్సాద్‌ని ఆ అమ్మాయి చేత ఇంకోసారి చంపించినట్టయింది.

"ప్రాసిక్యూటర్ దగ్గరకి వెళ్దాం పద," అంది నౌఫెల్ జబ్బ పట్టుకుని. "నమాజుకి ఇంకా టైముంది. ఫైలు అదే, పేరు మారుతుంది."

"నన్ను తీసుకెళ్తే అయిపోతుందనుకుంటున్నావా?" నౌఫెల్ విసురుగా చెయ్యి లాక్కోబోయాడు. వల్లకాలేదు. "ఆ పేజీ పెట్టించింది నేనొక్కణ్ణేనా? కంపెనీకి ఇదొక్క యార్డేనా?"

షెద్లియా ఆగిపోయింది.

"అంటే?"

అతను తల తిప్పుకున్నాడు.

"అంటే ఏమిట్రా?" ఈసారి ఆమె అతని కాలరు పట్టుకుంది.

"గాబెస్‌లో... ఈ పొద్దునే మొదలెట్టారు. అదే పేజీ."

"అక్కడ కూడా ఖర్జూరాలా?" అతను తలూపాడు. "అక్కడ ఒకటో దిమ్మ ఖాళీ చేయమని చెప్పావా?"

నౌఫెల్ నేల చూపులు చూశాడు.

"చెప్పావా?"

"చెబితే... ఎందుకని అడుగుతారు కదా," అన్నాడు, వినపడీ వినపడనట్టు.

షెద్లియా అతన్ని ఖ్మైస్ మీదకి తోసేసి ఫోను తీసింది. అరుపులు విని లోపలికొచ్చిన రవూఫ్ గాబెస్ యార్డు నంబరు చెబుతుంటే వేళ్ళు ఒక అంకె తప్పు నొక్కాయి. మళ్ళీ నొక్కింది. మోగుతోంది. మోగుతూనే ఉంది. ఎట్టకేలకు అటువైపు ఆడగొంతు పలికింది, నవ్వుతూ, వెనకాల ఎవరితోనో మాట్లాడుతూ.

"గాబెస్ కౌంటర్. చెప్పండి."

"స్ఫాక్స్ పోలీసుని. ఇన్‌స్పెక్టర్ షెద్లియా. కొత్త పేజీలో ఏదైనా కంటైనరు విడుదల చేశావా అమ్మా?"

"ఇప్పుడే ఒకటి చేశాను మేడమ్. నూనెది." ఆ అమ్మాయి గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "కొత్త పేజీ కదా, జాగ్రత్తగా చూసుకునే చేశాను. మొదటి గడిలోనే నొక్కాను."

"స్లిప్ ఎవరు తీసుకున్నారు? ఆపు, ఆపు అతన్ని, కిటికీలోంచి కేకెయ్యి!"

"ఏమిటి మేడమ్? సరిగ్గా వినపడటం లేదు. ఇక్కడ చప్పుడెక్కువ, దిమ్మ మా కిటికీ పక్కనే..."

షెద్లియాకి మాత్రం స్పష్టంగానే వినపడింది. ఇనుప గడియ తీసిన చప్పుడు.